అనూ ఫాంట్స్‌లో ఉన్న పాత తెలుగు ఫైళ్ళు ఫోన్లో, ల్యాప్‌టాప్‌లో, ఎక్కడైనా చదివేలా మార్చుకోవడం ఎలా

ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడగని వారం ఉండదు. "అన్నా, ఎప్పుడో డీటీపీ చేయించిన పుస్తకం ఫైల్ దొరికింది, ఫోన్లో ఓపెన్ చేస్తే అన్నీ పిచ్చి గుర్తులే వస్తున్నాయి, ఇంక పోయినట్టేనా?" అని. ఒకరిది తాతగారి శతకం, ఒకరిది ఊరి గుడి చరిత్ర, ఒక మాస్టారివి పాత క్వశ్చన్ పేపర్లు, అమెరికాలో ఉండే ఒకాయనవి వాళ్ళ సంఘం పాత సావనీర్లు. పోలేదండీ, అక్షరాలన్నీ అందులోనే ఉన్నాయి. కాకపోతే డాక్‌ని డాక్‌ఎక్స్ చేసినా, వాట్సాప్‌లో పంపినా, గూగుల్ డ్రైవ్‌లో పెట్టినా అవి బాగుపడవు. అందరూ ఫైల్ ఫార్మాట్ మార్చడంతో మొదలుపెడతారు, అక్కడే తప్పు. ముందు మార్చాల్సింది లోపలున్న అక్షరాలని.

ఎందుకో రెండు ముక్కల్లో చెప్తా. అనూ, శ్రీలిపి లాంటి పాత ఫాంట్లలో ఉన్నది కంప్యూటర్ దృష్టిలో తెలుగు కాదు. ఇంగ్లీష్ అక్షరాలు, గుర్తులు ఉండే గళ్ళలో తెలుగు అక్షరాల బొమ్మలు పెట్టారు. తలకట్టు ఒక బొమ్మ, వత్తు ఒక బొమ్మ, కొమ్ము ఇంకో బొమ్మ. ఆ ఫాంట్ ఉన్న సిస్టమ్‌లో చూస్తే చక్కటి తెలుగు, ఫాంట్ లేని ఫోన్లో చూస్తే కింద ఉన్న ఇంగ్లీష్ గుర్తులు బయటపడతాయి. యూనికోడ్‌లో అలా కాదు, "క"కి ప్రపంచం మొత్తానికి ఒకటే నంబర్, ఏ ఫాంట్ పెట్టినా అది "క"నే. కాబట్టి మన పనల్లా ఆ బొమ్మల్ని యూనికోడ్ తెలుగులోకి మార్చడం. అది అయ్యాక మిగతాదంతా తేలిక.

మొదలుపెట్టేముందు ఒక్క మాట. మీకు కావాల్సింది ఊరికే చదవడమే అయితే, ఎడిట్ చెయ్యక్కర్లేదు, వెతకక్కర్లేదు అనుకుంటే ఇంత పని అవసరం లేదు. ఆ ఫాంట్లు ఉన్న డీటీపీ సెంటర్‌కి ఫైల్ తీసుకెళ్ళి ఫాంట్లు ఎంబెడ్ చేసి పీడీఎఫ్ తియ్యమనండి, అది అన్ని ఫోన్లలో సరిగ్గానే కనిపిస్తుంది. కానీ ఆ పీడీఎఫ్‌లో ఒక్క పేరు వెతకాలన్నా దొరకదు, ఫోన్లో చదవాలంటే వేళ్ళతో జూమ్ చేసుకుంటూ పక్కకి జరుపుకుంటూ కూర్చోవాలి, చూపు సరిగా లేనివాళ్ళకి చదివి వినిపించే యాప్‌కి అందులో ఏమీ అర్థం కాదు. అందుకే ఓపిక ఉన్నవాళ్ళకి నేను పూర్తిగా మార్చుకోమనే చెప్తాను.

ఏమేం కావాలి

మీ పాత ఫైల్, దానికి ప్రింట్ అయిన కాపీ (పుస్తకం గానీ జిరాక్స్ గానీ, ఇది లేకుండా దిగకండి, సరిచూసుకోవడానికి వేరే దారి లేదు), ఒక కంప్యూటర్, అందులో వర్డ్ గానీ లిబ్రెఆఫీస్ గానీ. లిబ్రెఆఫీస్ ఉచితం. ఇంటర్నెట్, ఎందుకంటే అనూ నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు చాలావరకు బ్రౌజర్‌లోనే పనిచేస్తాయి. పాత అనూ ఫాంట్లు ఉన్న సిస్టమ్ అందుబాటులో ఉంటే అదృష్టం, లేకపోయినా పని అవుతుంది. ఫోన్ మీద మాత్రం ఈ పని పెట్టుకోకండి, సగంలో విసుగొస్తుంది.

ముందు మీ ఫైల్ ఏ రకమో తెలుసుకోండి

వర్డ్‌లో ఓపెన్ చేసి, ఆ పిచ్చి గుర్తుల మధ్యలో ఎక్కడైనా క్లిక్ చేసి పైన ఫాంట్ పేరు ఉండే డబ్బా చూడండి. ఆ ఫాంట్ మీ సిస్టమ్‌లో లేకపోయినా పేరు మాత్రం అక్కడ కనిపిస్తుంది. అనుపమ, ప్రియాంక లాంటి పేర్లుంటే అనూ ఫాంట్స్. శ్రీ, టెల్ అని ఉండి పక్కన అంకెలుంటే శ్రీలిపి. పేరు చివర హేమలత అనుంటే సీడాక్ అనే ప్రభుత్వ సంస్థ వాళ్ళది. గౌతమి, వాణి, నిర్మల, పోతన, మండలి, నోటో ఇలాంటివి కనిపిస్తే మీది ఇప్పటికే యూనికోడ్, మీకు కన్వర్టర్ అక్కర్లేదు, నేరుగా 8వ స్టెప్‌కి వెళ్ళిపోండి.

ఈ పేరు కాగితం మీద రాసి పెట్టుకోండి. ఒక్కో ఫాంట్ కంపెనీ బొమ్మల్ని ఒక్కో గడిలో పెట్టింది, అనూకి రాసిన కన్వర్టర్‌లో శ్రీలిపి టెక్స్ట్ వేస్తే తెలుగులాగే కనిపించే చెత్త వస్తుంది.

ఇక పని

1. ఒరిజినల్‌ని ముట్టుకోకండి

సీడీలో ఉంటే ముందు కంప్యూటర్‌లోకి కాపీ చెయ్యండి, దానికి ఇంకో కాపీ తీసి ఆ కాపీ మీదే పని చెయ్యండి. పాత సీడీలు ఒక్కోసారి మొదటిసారి చదివి రెండోసారి చదవవు, కాబట్టి ఈరోజే కాపీ తీసి పెట్టండి, కన్వర్షన్ వచ్చే నెల చేసుకున్నా పర్లేదు. పాత ఫైల్‌ని ఓపెన్ చేసి అలవాటుగా సేవ్ కొట్టడం, ఫాంట్ మార్చేసి సేవ్ కొట్టడం చాలామంది చేసే పని. ఫాంట్ పేరు పోయిందంటే ఏది తెలుగో ఏది ఇంగ్లీషో చెప్పే ఒకే ఒక్క ఆధారం పోయినట్టే.

2. టెక్స్ట్ బయటికి తియ్యండి

వర్డ్ ఫైల్ అయితే ఇక్కడ పనేం లేదు, ముందుకెళ్ళండి.

పేజ్‌మేకర్ (అప్పట్లో డీటీపీ సెంటర్లలో పుస్తకం పేజీలు కూర్చిన సాఫ్ట్‌వేర్) ఫైల్ అయితే కొంచెం శ్రమ ఉంది. పేజ్‌మేకర్ ఇప్పటికీ నడుస్తున్న సిస్టమ్ ఏదైనా ఉంటే అందులో ఓపెన్ చేసి, టెక్స్ట్ టూల్‌తో మ్యాటర్ మీద క్లిక్ చేసి, మొత్తం సెలెక్ట్ చేసి, ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ ద్వారా బయటికి తీసుకోవచ్చు. ఆర్‌టీఎఫ్‌గా (వర్డ్‌లో తెరుచుకునే ఫార్మాట్) తీస్తే ఫాంట్ పేర్లు కూడా వస్తాయి, అది మనకి చాలా ముఖ్యం. ఇండిజైన్ (పేజ్‌మేకర్ లాంటిదే, దాని తర్వాత వచ్చిన డీటీపీ సాఫ్ట్‌వేర్) ఉన్నవాళ్ళు సీఎస్6 వరకు ఉన్న వెర్షన్లలో పేజ్‌మేకర్ 6, 6.5, 7 ఫైళ్ళు నేరుగా ఓపెన్ చెయ్యొచ్చు, ఆ తర్వాత వచ్చిన వెర్షన్లు ఓపెన్ చెయ్యవు. రెండూ లేకపోతే లిబ్రెఆఫీస్‌లో ప్రయత్నించండి, 2015లో వచ్చిన 4.4 వెర్షన్ నుంచి అది పేజ్‌మేకర్ ఫైళ్ళని చదువుతుంది, డ్రా అనే భాగంలో తెరుచుకుంటుంది. పేజీ అందం చెదిరిపోయినా మ్యాటర్ దొరికితే చాలు మనకి.

ఇక్కడ జాగ్రత్త: పేజ్‌మేకర్‌లో మ్యాటరంతా ఒకే దారంలా ఉండదు, ముక్కలు ముక్కలుగా వేరువేరు బాక్సుల్లో ఉంటుంది. ఒక బాక్సు ఎక్స్‌పోర్ట్ చేస్తే ఆ బాక్సూ, దానికి కలిపిన బాక్సులే వస్తాయి. అధ్యాయాల పేర్లు, ఫుట్‌నోట్లు, ఫోటో కింద రాసిన పేర్లు విడిగా ఉంటాయి, అవే మర్చిపోతారు. ప్రింట్ కాపీ పక్కన పెట్టుకుని, బయటికి తీసిన ప్రతి ముక్కకీ పుస్తకంలో పెన్సిల్‌తో టిక్ పెట్టుకుంటూ వెళ్ళండి.

మీ దగ్గర పీడీఎఫ్ ఒక్కటే ఉంటే, దాన్నుంచి కాపీ చేసి చూడండి. గుర్తులు వస్తే అవి పనికొస్తాయేమో 4వ స్టెప్‌లో తేలుతుంది. కాపీ చేస్తే ఖాళీ డబ్బాలు వస్తున్నా, ప్రింట్ తప్ప ఏమీ లేకపోయినా, ఓసీఆర్ ఒక్కటే దారి: పేజీల్ని స్కాన్ చేసి గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, ఆ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి గూగుల్ డాక్స్‌తో ఓపెన్ చెయ్యండి, బొమ్మలోని తెలుగుని చదివి యూనికోడ్‌లో టైప్ చేసి ఇస్తుంది. ఫైళ్ళు చిన్నవిగా, కొన్ని పేజీల చొప్పున ఎక్కించండి. శుభ్రంగా స్కాన్ చేసిన ప్రింట్ అయితే ఆశ్చర్యంగా బాగా వస్తుంది, మరకలున్న పాత కాగితమైతే మాత్రం మాటమాటకీ సరిచూసుకోవాలి. ఓసీఆర్ చేసినవాళ్ళకి 3, 4, 5 స్టెప్పులు అవసరం లేదు.

3. ఇంగ్లీష్‌ని వేరు చెయ్యండి

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. కన్వర్టర్‌కి ఏది అనూ తెలుగో ఏది నిజమైన ఇంగ్లీషో తెలీదు, రెండూ దానికి అవే గుర్తులు. మధ్యలో ఒక ఇంగ్లీష్ పేరుంటే దాన్ని కూడా తీసుకుని అర్థం లేని తెలుగు ముక్కగా మార్చేస్తుంది.

వర్డ్‌లో రీప్లేస్ డబ్బా తెరిచి, మోర్ నొక్కి, పైన వెతకాల్సిన చోట ఏమీ టైప్ చెయ్యకుండా ఫార్మాట్, ఫాంట్ లోకి వెళ్ళి మీరు రాసుకున్న అనూ ఫాంట్ పేరు ఎంచుకోండి. కింద రీప్లేస్ చోట కూడా ఏమీ టైప్ చెయ్యకుండా ఫార్మాట్‌లో రంగు మాత్రం ఎరుపు ఇవ్వండి. రీప్లేస్ ఆల్. ఇప్పుడు ఎర్రగా ఉన్నదంతా తెలుగు, నల్లగా మిగిలింది ఇంగ్లీషో, లేదా ఇంకో తెలుగు ఫాంటో. హెడ్డింగులకి వేరే ఫాంట్ వాడుంటారు కాబట్టి నల్లగా మిగిలిన దాని మీద క్లిక్ చేసి పేరు చూసుకుంటూ, తెలుగు ఫాంట్ అయితే దానికీ ఎరుపు ఇచ్చేయండి.

నల్లగా మిగిలిన ఇంగ్లీష్ ముక్కలు కొద్దిగానే ఉంటే ఒక్కోదాన్ని కట్ చేసి పక్క ఫైల్లో నంబర్ వేసి పెట్టుకుని, దాని చోట మీరు గుర్తుపట్టగలిగే గుర్తు ఏదైనా పెట్టండి. నేనైతే మూడు నక్షత్రాలు, నంబర్, మళ్ళీ మూడు నక్షత్రాలు పెడతాను. ఆ గుర్తు కన్వర్టర్‌లో మారకుండా బయటికొస్తుందో లేదో ముందే చూసుకోండి, మారిపోతుంటే వేరే గుర్తు ఎంచుకోండి. ఇంగ్లీష్ మరీ ఎక్కువ ఉంటే రివర్స్‌లో చెయ్యండి, ఎర్రగా ఉన్న పేరాలు మాత్రమే ఒక్కొక్కటీ తీసుకెళ్ళి మార్చి తెచ్చి అక్కడే పెట్టండి. ఆలస్యమే కానీ తప్పు జరగదు.

ఈ స్టెప్‌లో ఇంకో జాగ్రత్త. పాత ఫాంట్‌లో ఉండగా ఆ ఫైల్లో ఏమీ టైప్ చెయ్యకండి, తప్పనిసరైతే వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్, ఆటోకరెక్ట్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి అన్నీ ఆపేయండి. వాక్యం మొదట్లో చిన్న ఇంగ్లీష్ అక్షరాన్ని పెద్దది చేస్తుంది కదా వర్డ్, పాత ఫాంట్‌లో చిన్నది ఒక తెలుగు ముక్క, పెద్దది ఇంకో ముక్క, అంటే మీకు తెలీకుండానే అక్షరం మారిపోతుంది. నిలువు కొటేషన్‌ని వంకర కొటేషన్ చేసినా అదే గొడవ.

4. ఒక్క పేరాతో పరీక్ష చెయ్యండి

మొత్తం పుస్తకం ఒకేసారి కన్వర్టర్‌లో పోయకండి. గట్టి అక్షరాలున్న ఒక పేరా ఏరుకోండి. నేను చూసే మాటలు ఇవి: రాష్ట్రం, స్త్రీ, లక్ష్మి, కృష్ణ, జ్ఞానం, దుఃఖం, వాఙ్మయం, ఋషి, ఘంట, ఫలం, హైదరాబాద్‌లో. ఇవి సరిగ్గా వచ్చాయంటే ఆ కన్వర్టర్ మీద నమ్మకం పెట్టుకోవచ్చు. రాష్ట్రంలో మూడు హల్లులు ఒకదాని కింద ఒకటి ఉంటాయి, పాత ఫాంట్లలో క్రావడి అక్షరానికి ముందు టైప్ చేసేవాళ్ళు, యూనికోడ్‌లో అది తర్వాత రావాలి, నాసిరకం కన్వర్టర్లు ఇక్కడే తడబడతాయి.

బాగా రాకపోతే వెర్షన్ మార్చి చూడండి. అనూలోనే 6, 7 అని వేరువేరు వెర్షన్లున్నాయి, కొన్ని కన్వర్టర్లలో ఏదో ఎంచుకోమని అడుగుతుంది. అది మార్చినా చెత్తే వస్తుంటే ఇంకో కన్వర్టర్. రెండు మూడు ప్రయత్నించాక కూడా కుదరకపోతే ఆ ఫైల్‌తో కుస్తీ పట్టకండి, ప్రింట్ కాపీకి ఓసీఆర్ చెయ్యడం త్వరగా అవుతుంది.

కాపీ చేసి కన్వర్టర్‌లో పేస్ట్ చేస్తే అన్నీ డబ్బాలే వస్తున్నాయా? కొన్ని ఫాంట్లని వర్డ్ సింబల్ ఫాంట్లుగా చూస్తుంది, అప్పుడు ఆ గుర్తులు బయటికి సరిగ్గా రావు. లిబ్రెఆఫీస్‌లో అదే ఫైల్ తెరిచి అక్కడినుంచి కాపీ చేసి చూడండి, అదీ కాకపోతే ఓసీఆర్.

ఇంకోటి చెప్పాలి. ఆన్‌లైన్ కన్వర్టర్‌లో మీరు పేస్ట్ చేసింది వేరేవాళ్ళ సర్వర్‌కి వెళ్ళొచ్చు. కథలూ పద్యాలూ అయితే ఫరవాలేదు. భూమి కాగితాలు, కోర్టు డ్రాఫ్టులు, ఆధార్ నంబర్లున్న అర్జీలు మాత్రం అక్కడ పెట్టకండి. పేజీ లోడ్ అయ్యాక నెట్ ఆపేసి చూడండి, అప్పుడు కూడా మారుస్తోందంటే పని మీ సిస్టమ్‌లోనే జరుగుతోందని అర్థం. మార్చకపోతే అలాంటి కాగితాల్ని అందులో పెట్టొద్దు.

5. మొత్తం మార్చండి, కానీ అధ్యాయం అధ్యాయంగా

ఒక అధ్యాయం కాపీ, పేస్ట్, కన్వర్ట్, కొత్త వర్డ్ ఫైల్లోకి పేస్ట్. పేస్ట్ చేసేటప్పుడు టెక్స్ట్ ఓన్లీ అని ఎంచుకోండి, లేకపోతే పాత ఫార్మాట్ కూడా తగులుకుని వస్తుంది. బోల్డ్, ఇటాలిక్ అన్నీ పోతాయి, అది తప్పదు, చివర్లో ప్రింట్ చూసి మళ్ళీ పెట్టుకోవాలి.

మధ్యలో నోట్‌ప్యాడ్ వాడితే సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఉందో లేదో చూడండి. ఆన్సీ అని ఉండి సేవ్ కొట్టారంటే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది, మూసి తెరిచాక వెనక్కి రాదు.

6. తెగిపోయిన లైన్లు కలపండి

పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన మ్యాటర్‌లో, ఒక్కోసారి పేజ్‌మేకర్ నుంచి వచ్చిన దాంట్లో కూడా, ప్రతి లైన్ చివరా ఎంటర్ పడి ఉంటుంది. కంప్యూటర్‌లో బాగానే కనిపిస్తుంది, ఫోన్లో చూస్తే సగం లైను, పావు లైను, సగం లైను ఇలా మెట్లు మెట్లుగా ఉంటుంది. వర్డ్‌లో రీప్లేస్ డబ్బాలో స్పెషల్ బటన్ నొక్కితే పేరాగ్రాఫ్ మార్క్ అనే ఆప్షన్ ఉంటుంది, దాంతో చెయ్యాలి, ఇలా:

మొదట రెండు పేరాగ్రాఫ్ మార్కులు పక్కపక్కన ఉన్నచోట (అంటే నిజమైన పేరా ముగిసినచోట) మూడు హ్యాష్ గుర్తులు పెట్టండి. తర్వాత మిగిలిన ఒంటరి పేరాగ్రాఫ్ మార్కులన్నిటినీ ఒక స్పేస్‌గా మార్చండి. చివరికి ఆ మూడు హ్యాష్‌లని మళ్ళీ పేరాగ్రాఫ్ మార్క్ చెయ్యండి. కొన్ని ఫైళ్ళలో మాన్యువల్ లైన్ బ్రేక్ అనేది ఉంటుంది, అదీ స్పెషల్ లోనే దొరుకుతుంది, దానికీ ఇదే మందు. ఒకవేళ మీ ఫైల్లో పేరాల మధ్య ఖాళీ లైన్ లేదనుకోండి, ఈ పద్ధతి వాడితే పుస్తకం మొత్తం ఒకే పేరా అయిపోతుంది, అప్పుడు చేత్తో కలుపుకోవడమే.

పద్యాలున్న పుస్తకమైతే దయచేసి ఈ స్టెప్ చెయ్యొద్దు. మా పెదనాన్నగారి సీస పద్యాలు మార్చేటప్పుడు నేను ఇదే పొరపాటు చేశాను. రీప్లేస్ ఆల్ కొట్టగానే సీసం పాదాలూ కింద తేటగీతి పాదాలూ అన్నీ వచనంలా కలిసిపోయాయి, నేను అది గమనించకుండా సేవ్ చేసి మూసేశాను. ఆయన ఉంటే అడిగేవాణ్ణి, లేరు. పుస్తకం ఎదురుగా పెట్టుకుని యతి చూసుకుంటూ ఒక్కో పాదం మళ్ళీ విడగొట్టడానికి మూడు రాత్రులు పట్టింది. అందుకే ప్రతి స్టెప్ తర్వాత ఫైల్‌ని కొత్త పేరుతో సేవ్ చెయ్యండి, చివర 1, 2, 3 అని పెట్టుకుంటే చాలు.

7. తప్పులు పట్టుకోండి

కన్వర్టర్ ఎంత మంచిదైనా కొన్ని తప్పులు వస్తాయి, అవి ఎప్పుడూ ఒకే చోట్ల వస్తాయి కాబట్టి పట్టుకోవడం కష్టం కాదు. ఫైండ్ డబ్బా పెట్టుకుని వరసగా వెళ్ళండి.

పొల్లు తర్వాత అక్షరం వత్తుగా మారడం. ఇదే అన్నిటికన్నా ఎక్కువ. రాజ్‌కుమార్ అని ఉండాల్సింది రాజ్కుమార్ అవుతుంది, హైదరాబాద్‌లో అన్నది హైదరాబాద్లో అవుతుంది. పాత ఫాంట్‌లో పొల్లు ఒక బొమ్మ కాబట్టి పక్కన ఏముందో దానికి పట్టదు, యూనికోడ్‌లో మాత్రం పొల్లు పక్కన హల్లు వస్తే కలిసిపోవడమే నియమం. విడిగా ఉండాలంటే మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పెట్టాలి, వర్డ్‌లో ఇన్సర్ట్, సింబల్, మోర్ సింబల్స్, స్పెషల్ క్యారెక్టర్స్‌లో నో విడ్త్ ఆప్షనల్ బ్రేక్ అని ఉంటుంది. అది కనిపించకపోతే, సరిగ్గా ఉన్న ఇంకో మాటలో పొల్లు అక్షరాన్ని తర్వాతి అక్షరం దాకా కలిపి కాపీ చేసుకుని అతికించి, అక్కర్లేనిది తీసెయ్యండి. ఇంగ్లీష్ మాటలు, ఊర్ల పేర్లు, ఉర్దూ పేర్లు ఎక్కువున్న మ్యాటర్‌లో ఇవి వందల్లో ఉంటాయి, ఒక్కో పేరుకి రీప్లేస్ ఆల్ చేసుకుంటూ పొండి.

విసర్గ బదులు కోలన్. దుఃఖం అన్నది దు:ఖం అయిపోతుంది. చూడ్డానికి దాదాపు ఒకటే, అందుకే ఎవరూ పట్టుకోరు, కానీ వెతికితే దొరకదు. కోలన్ కోసం వెతికి, అంతఃకరణ, పునః, దుఃఖం లాంటి చోట్ల నిజమైన విసర్గ పెట్టండి.

సున్న బదులు అంకె సున్నా. అనుస్వారం ఒకటి, తెలుగు అంకె సున్నా ఇంకోటి, రెండూ గుండ్రంగానే ఉంటాయి. తెలుగు అంకె ౦ కోసం ఫైండ్‌లో వెతకండి, మాటల మధ్యలో కనిపిస్తే అది తప్పే.

ఐత్వం రెండు ముక్కలుగా ఉండడం. కొన్ని కన్వర్టర్లు ఎత్వం వేసి కింద విడిగా ఇంకో ముక్క తగిలిస్తాయి. కంటికి తేడా తెలీదు. పరీక్ష ఏంటంటే, ఫైండ్‌లో మీ కీబోర్డుతో "కైలాసం" అని టైప్ చేసి వెతకండి, పేజీలో కళ్ళెదురుగా ఉన్నా దొరకలేదంటే ఇదే సమస్య. ఆ తప్పు అక్షరాన్ని కాపీ చేసి ఫైండ్‌లో పెట్టి, మీరు టైప్ చేసిన సరైన అక్షరంతో రీప్లేస్ చెయ్యండి.

అరసున్న, బండి ర. పాత పద్యాలు, వ్యాకరణ పుస్తకాల్లో ఁ, ఱ ఉంటాయి. వీటిని కన్వర్టర్ మింగేసినా మాట చదవడానికి బానే ఉంటుంది కాబట్టి తెలీదు. మా పెదనాన్నగారి పుస్తకంలో అరసున్న ఒక్కటి కూడా మిగల్లేదు, అన్నీ మళ్ళీ పెట్టాను. మీ పుస్తకంలో ఇవి ఉంటే ప్రింట్ పక్కన పెట్టుకుని చూడక తప్పదు.

అంకెలు. తేదీలు, సర్వే నంబర్లు, ధరలు, పేజీ నంబర్లు. ఫైండ్‌లో స్పెషల్ కింద ఎనీ డిజిట్ అని ఉంది, దాంతో ఒక్కో అంకె దగ్గరా ఆగి ప్రింట్‌తో పోల్చండి. స్లాష్, డాష్, బ్రాకెట్లు కన్వర్షన్‌లో ఇంకేదో అక్షరంగా మారిపోవచ్చు, సర్వే నంబర్లో స్లాష్ పోతే అర్థమే మారిపోతుంది. కథలో ఒక అక్షరం తప్పు పోతే పాఠకుడు సర్దుకుంటాడు, కాగితాల్లో నంబర్ తప్పు పోతే ఎవరూ సర్దుకోరు.

ఇవన్నీ అయ్యాక కళ్ళతో కాకుండా చెవులతో ఒకసారి చూడండి. ఫైల్‌ని ఆండ్రాయిడ్ ఫోన్లో తెరిచి, సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద సెలెక్ట్ టు స్పీక్ ఆన్ చేసి, భాష తెలుగు పెట్టి చదివించుకుంటూ ప్రింట్ కాపీ మీద వేలు పెట్టుకుని వెళ్ళండి. కన్ను అలవాటుగా సరిచేసుకుని చదివేస్తుంది, మిషన్ అలా చెయ్యదు, ఉన్నది ఉన్నట్టు పలుకుతుంది, వత్తు తప్పు వెంటనే చెవికి తగులుతుంది.

8. ఫాంట్ పెట్టి సేవ్ చెయ్యండి

ఇప్పుడు మీ మ్యాటర్ నిజమైన తెలుగు, ఏ యూనికోడ్ ఫాంటైనా పెట్టుకోవచ్చు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు, ఎన్టీఆర్ ఇలా చాలా ఉన్నాయి, అన్నీ ఉచితమే, పుస్తకం అచ్చు వేసుకోడానికీ వాడొచ్చు. నాకు మ్యాటర్‌కి మండలి, హెడ్డింగులకి రామభద్ర నచ్చుతాయి. లిబ్రెఆఫీస్‌లో స్టైల్ మార్చేటప్పుడు తెలుగు ఫాంటూ సైజూ సీటీఎల్ అని ఉన్నచోట ఇవ్వాలి, పైన ఉండే వెస్టర్న్ దగ్గర మారిస్తే తెలుగు మీద ఏ మార్పూ రాదు, చాలామంది సాఫ్ట్‌వేర్ పాడైందనుకుంటారు.

ఏ ఫార్మాట్‌లో సేవ్ చెయ్యాలంటే, నేను నాలుగు తీస్తాను. డాక్‌ఎక్స్, ఇది అసలు ఫైల్, ఇకమీద మార్పులన్నీ ఇందులోనే. ప్లెయిన్ టెక్స్ట్ యూటీఎఫ్-8లో, ఇది ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఏ మిషన్‌లోనైనా తెరుచుకుంటుంది. పీడీఎఫ్, ప్రింట్‌కీ వాట్సాప్‌లో పంపడానికీ. ఈపబ్, ఫోన్లో పుస్తకంలా చదువుకోడానికి, అక్షరం సైజు పెంచుకుంటే లైన్లు వాటంతటవే సర్దుకుంటాయి, పెద్దవాళ్ళకి ఇదే సుఖం. లిబ్రెఆఫీస్ 6.0 నుంచి ఎక్స్‌పోర్ట్ యాజ్‌లో ఈపబ్ ఉంది, హెడ్డింగులకి హెడ్డింగ్ స్టైల్ పెట్టి ఉంటే అధ్యాయాల పట్టీ కూడా అదే వేసుకుంటుంది.

పీడీఎఫ్ ఒక్కటే దాచుకుని డాక్‌ఎక్స్ పారేయొద్దు. యూనికోడ్ నుంచి తీసిన పీడీఎఫ్‌లోంచి కూడా తెలుగు కాపీ చేస్తే చాలాసార్లు అక్షరాలు తారుమారై వస్తాయి, మళ్ళీ మొదటికొస్తుంది కథ.

మాక్‌లో పేజెస్ వాడేవాళ్ళు ఆ ఫైల్‌ని అలాగే పంపితే విండోస్ వాళ్ళకి తెరుచుకోదు, ఫైల్, ఎక్స్‌పోర్ట్ టు, వర్డ్ అని తీసి పంపండి. పాత డాక్ ఫైల్ యూనికోడ్‌లోనే ఉంటే సేవ్ యాజ్‌లో డాక్‌ఎక్స్ ఎంచుకుంటే చాలు.

9. వేరే మిషన్‌లో తెరిచి చూడండి

మీ కంప్యూటర్‌లో బాగుందని సంతృప్తి పడకండి, అందులో పాత ఫాంట్లు ఉంటే మారకుండా మిగిలిన ముక్కలు కూడా చక్కగా తెలుగులోనే కనిపిస్తాయి. అనూ ఎప్పుడూ ఎక్కించని ఒక ఫోన్‌కి పంపండి, ఆండ్రాయిడ్ ఒకటి, ఐఫోన్ ఒకటి అయితే మంచిది. మొదటి పేజీ, చివరి పేజీ, మధ్యలో ఒక పట్టిక ఉన్న పేజీ, ఫుట్‌నోట్ ఉన్న పేజీ చూడండి. తర్వాత పుస్తకంలో ఉన్న ఏదో ఒక పేరు ఫోన్లో టైప్ చేసి వెతకండి. దొరికిందా, పని అయినట్టే. హెడర్లో, టెక్స్ట్ బాక్సుల్లో పాత ముక్కలు మిగిలిపోతుంటాయి, సెలెక్ట్ ఆల్ కొట్టినప్పుడు అవి రావు కాబట్టి.

మళ్ళీ అచ్చు వేయించే ఉద్దేశం ఉన్నవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి, ఈ యూనికోడ్ ఫైల్ పేజ్‌మేకర్‌లో పనిచెయ్యదు. డీటీపీ ఆపరేటర్ "యూనికోడ్ మాకు రాదండీ, మళ్ళీ అనూలోకి మార్చి ఇవ్వండి" అంటే ఒప్పుకోకండి, ఇంత కష్టపడి సరిచేసినవన్నీ మళ్ళీ పోతాయి. ఇండిజైన్ సీఎస్6 గానీ తర్వాతది గానీ ఉంటే, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోమని చెప్పండి, వత్తులూ గుణింతాలూ అప్పుడు సరిగ్గా కూర్చుంటాయి. అది లేని సెంటరైతే వర్డ్‌లోనే పేజీ సైజు పుస్తకం కొలతకి పెట్టుకుని, పీడీఎఫ్ తీసి అదే ప్రెస్‌కి ఇచ్చేయండి. పెదనాన్నగారి పుస్తకం రెండో ముద్రణ నేను అలాగే వేయించాను, అరసున్నలతో సహా వచ్చింది.